లేని తమ్ముడికి సంబంధం

రాజనర్సు సారుకు అబద్ధమాడటం రాదు. దీన్ని సుగుణమని ఎవరూ మెచ్చుకోలేదు. కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఒక లోపంగానే లెక్కగట్టారు. సెలవు కావలసివస్తే తోటి లెక్చరర్లు బతికున్న మేనత్తలను చంపేసి ఊరికెళ్ళేవాళ్ళు. ఈయన మాత్రం "నిద్ర చాలలేదు, రేపు రాను" అని రాసిచ్చేవాడు. ప్రిన్సిపాలు అది చూసి నుదురు రుద్దుకుని సంతకం పెట్టేవాడు.

పుట్టింది నిజామాబాదులో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి భీమవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టి, ఆ ఒక్కగానొక్క కొడుకును ఎం.ఏ. దాకా లాక్కొచ్చింది. బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. పొద్దున్నే నిజామాబాదు బస్టాండులో ఎక్కడం, సాయంత్రం మళ్ళీ అక్కడే దిగడం. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. చెప్పుకోదగ్గ విశేషం ఒకటే. హాజరు పిలిచేటప్పుడు మిగతా లెక్చరర్లు రాని పిల్లల పేర్లను చదివీ చదవనట్టు దాటేస్తారు. ఈయన ఆ పేరు దగ్గర ఆగి, "ఏమైంది?" అని క్లాసును అడుగుతాడు. క్లాసు "మానేసింది సార్" అంటుంది. తర్వాత పాఠం ఎక్కదు, ఆయనకు.

మానేసేవాళ్ళకు కొదవ లేదు. మొదటి ఏడాది బెంచీ మీద ఇరుక్కుని కూర్చునే ఆడపిల్లలు మూడో ఏడాదికి పుస్తకాల సంచి పక్కన పెట్టుకుని విశాలంగా కూర్చునేవాళ్ళు. చెరుకు నరికే రోజులొస్తే మగపిల్లలూ పలచబడేవాళ్ళు. ప్రిన్సిపాలుకు దీని మీద ఒక సిద్ధాంతం ఉండేది. "పోయేటోళ్ళు పోతుంటరు, వచ్చేటోళ్ళు వస్తుంటరు." బస్టాండు గురించి అన్నా అది నిజమే. రాజనర్సుకు మాత్రం అది మింగుడుపడలేదు. తొంభై నాలుగులో ఎం.ఫిల్‌లో చేరి, డిగ్రీ పిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నదే పరిశోధనగా తీసుకున్నాడు.

గైడు హైదరాబాదులో ఉంటాడు, కోస్తా మనిషి. ఆయనిచ్చిన పుస్తకాల సారాంశం ఏమిటంటే, కాలేజీ తమదేనని పిల్లలకు అనిపించాలట, తమను కనిపెట్టుకుని అక్కడ ఎవరో ఒకరు ఉన్నారనిపించాలట. అప్పుడు నిలబడతారట. రాజనర్సు చాలాసేపు ఆలోచించాడు. వాళ్ళ కాలేజీలో పిల్లలను కనిపెట్టుకుని ఉన్నది గేటు బయట సమోసాల బండివాడు ఒక్కడే. ఇక లాభం లేదని, మానేసిన పిల్లల ఇళ్ళకే వెళ్ళి అడుగుదామని బయల్దేరాడు.

ఇక్కడొక చిక్కు. ఆడపిల్ల ఉన్న ఇంటికి పట్టపగలు మగమనిషి ఒంటరిగా వెళ్ళి "మీ అమ్మాయేదీ?" అంటే, జవాబు నోటితో రాదు, చీపురుతో వస్తుంది. భార్య వసంతకు చిన్నపిల్లలతోనే సరిపోతోంది.

"నేనొస్త పా," అంది భీమవ్వ. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టింది. బస్టాండులో అరటిపండ్లు కొనిపించింది. "ఒకలింటికి ఒట్టి చేతులతోని ఎట్ల పోతం రా?"

మొదట వెళ్ళింది వర్ని పక్కనున్న ఒక ఊరికి, అనసూయ ఇంటికి. రెండో సంవత్సరం సగంలో మానేసిన పిల్ల. తెలివైనది. తండ్రి లింగం కాలువ కింద ఉన్న కాస్త పొలం చేసుకుంటాడు, సీజన్‌లో చెరుకు బండి తోలుతాడు. తల్లీ కూతుళ్ళు బీడీలు చుడతారు. మంచి చీర కట్టిన పెద్దావిడ, పక్కన కళ్ళద్దాల ఉద్యోగస్థుడు, చేతిలో అరటిపండ్లు, వెళ్తున్నది పెళ్ళికాని పిల్ల ఉన్న ఇంటికి. వాడకట్టుకు అంతకన్న ఏం కావాలి? ఎదురింటి దేవవ్వ చాట తెచ్చుకుని తన గడపలోనే కూర్చుంది, చూపు అందేలా.

"మేం కాలేజీ నుంచి వచ్చినం," అని రాజనర్సు చెప్పనే చెప్పాడు. ఇంటిపేరు చెప్పాడు, అడిగితే కులమూ చెప్పాడు. కులం ఒకటే. లింగం మొహం విప్పారింది. పిల్లవాడివాళ్ళు తమ హోదా చెప్పుకుంటున్నారని అతననుకున్నాడు.

ఆ తర్వాత రాజనర్సు ప్రశ్నలు మొదలుపెట్టాడు. పిల్ల వయసెంత? ఎంతవరకు చదివింది? ఇంట్లో వంటపని ఎవరిది? రోజుకు ఎన్ని బీడీలు చుడుతుంది? కంపెనీ ఇచ్చే బీడీ కార్డు ఉందా? చదువుకోవడానికి పిల్లకు తీరిక ఎంతుందో తెలుసుకోవాలని గైడు చెప్పిన మేరకు రాసుకున్న ప్రశ్నలు ఇవి. ఈ ప్రాంతంలో పిల్లను చూడవచ్చినవాళ్ళు అడిగేవి కూడా సరిగ్గా ఇవే. గైడుకు ఆ సంగతి తెలియదు, పాపం. రాజనర్సుకు తెలియాలి. కానీ పరిశోధన తలకెక్కిన మనిషికి తన ప్రశ్న తప్ప లోకం కనబడదు.

పైగా భీమవ్వ చేతులు ఊరుకోలేదు. అనసూయ చాటలోంచి ఒక బీడీ తీసి, వేళ్ళ మధ్య తిప్పి, కొన నొక్కి చూసింది. "మంచిగ మడిచింది. సెయ్యి సాఫుగున్నది," అంది. లోపల అనసూయ తల్లి వెంకటవ్వ చాయలో ఇంకో చెంచా చక్కెర వేసింది.

"మరి చదువెందుకు మాన్పించిండ్రు?" అన్నాడు రాజనర్సు.

"బస్సు దొర్కది సారు. సీజన్ల చెరుకు బండ్ల ఎన్కవడ్డదంటే బోధన్ చేరేసరికి మాపవుతది," అన్నాడు లింగం.

"ఇంకా సదివిపిస్తే, దీనికి మించి సదివిన పిలగాన్ని యాడ తెస్తం అని..." అంటూ వెంకటవ్వ మధ్యలోనే ఆగిపోయింది. మొగుడు అలా చూశాడు మరి.

"గట్ల మధ్యల మాన్పిస్తే ఎట్ల?" రాజనర్సు గొంతు కొంచెం లేచింది. "డిగ్రీ పూర్తి కావాలె. అంతే."

"మీరు గట్లంటే గట్లనే సారు," అన్నాడు లింగం చేతులు కట్టుకుని. అనసూయ తలుపు పక్కన నిలబడి అంతా వింటోంది.

సోమవారం నాడు ఆ పిల్ల కాలేజీకి వచ్చేసింది. రాజనర్సు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒక్కసారి ఇంటికి వెళ్ళి ఆప్యాయంగా మాట్లాడితే చాలు, పిల్లలు తిరిగొస్తారని గైడుకు రాశాడు. తర్వాత మాక్లూరు దిక్కు తిరిగాడు, బోధన్ గల్లీలు తిరిగాడు. అవే ప్రశ్నలు, అవే అరటిపండ్లు. ఆ ఇళ్ళవాళ్ళు కులం అడిగారు, వేరని తెలిసింది, పండ్లు తిన్నారు, పంపేశారు. ఒక్క పిల్లా తిరిగి రాలేదు. తేడా ఎక్కడుందో రాజనర్సు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

అంతుపట్టించింది లింగమే. సంక్రాంతి దాటాక ఒకరోజు కొత్త బెల్లం మూట పట్టుకుని కాలేజీకి వచ్చాడు. క్షేమసమాచారాలయ్యాక గొంతు తగ్గించి అడిగాడు: "సారు, తమ్మునికి ఫ్యాక్టరీల నౌకరి పర్మనెంటేనా?"

"ఏ తమ్ముడు?"

"మీ తమ్ముడే సారు. పెండ్లి పిలగాడు."

రాజనర్సుకు తమ్ముడు లేడు. అన్న కూడా లేడు. ఆ మాటే అనబోయి తలెత్తితే వరండా చివర అనసూయ కనబడింది. పుస్తకాలు గుండెకు అదుముకుని నిలబడి ఆయన వైపే చూస్తోంది. మొహం పాలిపోయి ఉంది. సంగతంతా ఆయనకు అప్పుడు అర్థమైంది. నిజం చెబితే ఈ పిల్ల ఈ సాయంత్రం బస్సులో వెళ్ళి మళ్ళీ రాదు.

"పర్మనెంటే," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పిల్లవాడి అన్న కదా, సిగ్గుపడుతున్నాడనుకున్నాడు లింగం.

ఇంటికొచ్చి తల్లిని నిలదీశాడు. "తమ్ముని ముచ్చట నేను జెప్పలే రా," అంది భీమవ్వ. "వాడకట్టే పుట్టిచ్చుంటది. అయినా గిప్పుడేమంటవ్? పోయి నిజం జెప్తవా? జెప్పు. ఎల్లుండి నుంచి గా పిల్ల చాట ముంగట కూసుంటది."

వసంత మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు మరిది పుట్టిండన్న సంగతి నాకే లాస్ట్‌కు తెల్సింది."

ఆ రాత్రి రాజనర్సు క్యాలెండరు ముందేసుకుని కూర్చున్నాడు. అనసూయ చివరి పరీక్షలు రాసేదాకా నోరు మూసుకోవాలని, రాసిన మర్నాడే వెళ్ళి నిజం చెప్పి, పడే తిట్లు పడాలని తేల్చుకున్నాడు. అంటే మరో ఏడాది పైన. అబద్ధమాడటం రాని మనిషికి అది కొంచెం పెద్ద సిలబస్సే.

కాబట్టి మాట్లాడే పని భీమవ్వ తీసుకుంది. లింగం ముహూర్తం ఊసెత్తినప్పుడల్లా ఆమె దగ్గర ఒక అడ్డం సిద్ధంగా ఉండేది. ఒకసారి శూన్యమాసం. ఇంకోసారి మూఢం. మూఢం పోగానే దగ్గరి బంధువు ఒకరిని చంపి, ఏడాదిదాకా శుభకార్యం చేయరాదంది. తమ్ముడి నౌకరి ఎక్కడో మెదక్ దిక్కు ఫ్యాక్టరీలో పెట్టింది, లింగం వెళ్ళి చూసిరాకుండా. ఫోటో అడిగితే, "ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతదని వానికి భయం," అంది. లింగం అలాంటి అణకువ ఉన్న పిల్లవాడు దొరకడం అదృష్టమనుకున్నాడు.

తల్లీ కొడుకులు అప్పుడప్పుడూ ఆ ఊరికి వెళ్ళి రావలసి వచ్చేది, సంబంధం చల్లారకుండా. భీమవ్వ లేని కొడుకు ముచ్చట్లు చెబుతుంటే, రాజనర్సు చాయ గ్లాసులోకి చూస్తూ అనసూయ హాజరు గురించి, మార్కుల గురించి మాత్రమే మాట్లాడేవాడు. మరదలు కాబోయే పిల్ల మార్కుల మీద ఇంత ధ్యాస ఉన్న బావగారిని ఆ వాడకట్టు అంతకుముందు చూడలేదు. సీజన్‌లో బస్సు దొరకనప్పుడు లింగమే సైకిలు మీద కూతుర్ని మెయిన్ రోడ్డు దాకా దింపేవాడు. పరీక్షలప్పుడు వెంకటవ్వ కూతురి చాట తీసి అటక మీద పెట్టేసింది. "పిలగానోళ్ళు మార్కులు అడుగుతరు," అనేది.

తొంభై ఆరు ఎండాకాలంలో చివరి పరీక్ష అయిపోయింది. మర్నాడే రాజనర్సు బయల్దేరాడు. బస్సులో ఆయన చెప్పవలసిన మాటలు మళ్ళీ మళ్ళీ కూర్చుకున్నాడు. కొడతారేమోనన్న భయం కాదు. తనను నమ్మి చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ముందు ఎలా నోరు తెరవాలన్నదే బాధ. భీమవ్వ కూడా వెంట వచ్చింది, ఈసారి అరటిపండ్లు లేకుండా.

లింగం మంచం వాల్చాడు. రాజనర్సు కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాడు. తను వచ్చింది చదువు ముచ్చటకేనని, తనకు తమ్ముడే లేడని, తెలిసీ ఇన్నాళ్ళు దాచానని.

"రెండు సంబంధాలు ఎన్కకు పంపిన సారు," అన్నాడు లింగం. "ఒగటి నవీపేట్ల, మంచి ఇల్లు. మీ మాట మీదనే పంపిన." గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువుంది.

"బాపూ," అంటూ అనసూయ గడప దాటి వచ్చింది. "తమ్ముడున్నడని సార్ జెప్పలె. నేను జెప్పిన. సార్ వచ్చిన నాడే నాకెర్కే, కాలేజి ముచ్చటకు వచ్చిండని. మీరు సంబంధం అనుకుంటుండ్రు. అనుకోనిచ్చిన. పిలగాడెవరని నువ్వడిగితే సార్ తమ్ముడు, ఫ్యాక్టరీల నౌకరి అన్న."

"నువ్వా?" అన్నాడు లింగం.

"సదువు కోసం వచ్చిండని జెప్తే పంపుతుంటివా బాపూ?"

రాజనర్సు తల దించుకున్నాడు. ఏడాదిన్నరగా పిల్లలు ఎందుకు మానేస్తారో అడుగుతూ తిరిగాడు గాని, అసలు సంగతి ఈ పిల్లకు మొదటి రోజే తెలుసు. ఆయనకు సిగ్గేసింది.

"ఇగ ఏం జేస్తవే?" అంది వెంకటవ్వ ఏడుపు గొంతుతో. "బీయెడ్ పరీక్ష రాస్త," అంది అనసూయ. భీమవ్వ లేచి, ఇక పోదాం పద అన్నట్టు కొడుకు భుజం తట్టింది.

లింగం వాళ్ళ వెంట వాకిట్లోకి వచ్చాడు. ఎదురింటి గడపలో దేవవ్వ ఉండనే ఉంది. పక్కిళ్ళవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు.

"ఏంది లింగన్నా, పరీక్షలైపాయె గదా. లగ్గం ఎప్పుడు పెట్టుకున్నరు? ఇంకెన్నొద్దులు సదివిపిస్తవ్ ఆడివిల్లను?" అంది దేవవ్వ.

లింగం ఆగాడు. ఒకసారి వెనక్కి తిరిగి, గడపలో నిలబడ్డ కూతుర్ని చూశాడు. తర్వాత వాడకట్టు మొత్తానికి వినబడేలా గొంతెత్తాడు.

"యాడ లగ్గం దేవవ్వా! పిలగానోళ్ళు బీయెడ్ గూడ కావాలంటుండ్రు. ఏం జేస్తం, సదివియ్యక తప్పుతదా?" అని, భీమవ్వ వైపు తిరిగాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "మల్లొచ్చే నెల రాండ్రి వదినా. తొందరేం లేదు."

ఇన్నాళ్ళూ నిజంగా సంబంధమే అనుకున్నప్పుడు కూడా అతను ఆమెను వియ్యపురాలిని పిలిచినట్టు వదినా అని పిలవలేదు.

"వస్తం అన్నా," అంది భీమవ్వ.