మగదిక్కు లేని ఇంటి పడవ

మొన్న తుఫాను తీరం దాటడానికి ముందు, మా ఊరి ఒడ్డున ఒక టీవీ విలేకరి మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గాలి ఇంకా గట్టిగా పట్టుకోకముందే తూలిపోతున్నట్టు నటిస్తూ మాట్లాడుతుంటే, అతని చుట్టూ జనం మూగారు. ముత్తుకూరు నుంచీ, మనుబోలు నుంచీ కూడా మోటారు సైకిళ్లు వేసుకుని వచ్చారు, అలలు ఎంత ఎత్తు లేస్తున్నాయో చూడడానికట. వాళ్ల కోసం ఒక బజ్జీల బండి కూడా వెలిసింది. ఆ బండికి కాస్త అవతల, నీళ్ల అంచునే, మా మరదలి పడవ ఉంది. మా తమ్ముడు పోయాక ఆ ఇంటికి మిగిలిన ఆధారం అదొక్కటే. వేరే వాళ్లు దాని మీద వేటకు వెళ్లి ఆమె వాటా ఆమెకు ఇస్తేనే అక్కడ పొయ్యి వెలుగుతుంది.

నా చిన్నతనంలో తుఫాను కబురు ఇంత వివరంగా వచ్చేది కాదు. ఊరి పెద్దకాపు ఇంట్లో ఒక రేడియో ఉండేది. ఒంగోలుకూ మద్రాసుకూ మధ్య ఎక్కడో తీరం దాటవచ్చని అందులో చెబితే, అది చెప్పినట్టా చెప్పనట్టా అని మా అమ్మమ్మ రేడియోనే తిట్టిపోసేది. చేపలు ఎత్తుకోవడానికి వచ్చే లారీ డ్రైవరు కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేశారో చెప్పేవాడు. మేము బెదరాలని ఎప్పుడూ ఒక నంబరు కలిపి చెప్పేవాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా పెద్దవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, సముద్రం నిమ్మళంగా ఉంది కదా అని ఒకసారి ఎవరి మాటా వినకుండా కూర్చుని ఊళ్లో సగం వలలు పోగొట్టారు. కాబట్టి ఆనాటి వాళ్లంతా జ్ఞానులని నేను చెప్పబోవడం లేదు.

కానీ ఒక కట్టుబాటు ఉండేది. పడవలు పైకి లాగాల్సి వస్తే మగదిక్కు లేని ఇంటి పడవ ముందు కదలాలి, మిగతావి తర్వాతే. మా నాన్న నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు కనుక ఆ మొదటి పడవ చాలాసార్లు మాదే అయ్యేది. అడుగున తాటి దుంగలు వేసి, లావుపాటి మోకుతాడు భుజాలకెత్తుకుని, ఊరంతా కలిసి సరుగుడు తోపు దాకా దాన్ని లాక్కెళ్తుంటే అమ్మ ఒడ్డుకైనా వచ్చేది కాదు, ఎవరినీ బతిమాలేది కాదు, ఇంట్లో కూర్చుని అందరికీ గంజి కాచేది. మా పెద్దనాన్నకూ మాకూ ఇంటి స్థలం దగ్గర తగాదా. పోయేదాకా ఆయన మా గడప తొక్కలేదు, కానీ తుఫాను వచ్చినప్పుడు మా మోకు ముందుగా పట్టుకునేది ఆయనే. ఒకసారి ఒకతను తన పడవను ముందు లాక్కున్నాడు. ఆ ఏడాదంతా ఆడవాళ్లు అతని వాకిలి ముందు ఉమ్మి మరీ నడిచేవాళ్లు, సంగతి సరిగా తెలియకపోయినా నేనూ ఉమ్మేదాన్ని.

మొన్న కూడా ఉమ్మేయాలనే అనిపించింది, ఎవరి వాకిలి ముందని ఉమ్మను! ఇప్పటి పడవలు ఇంజన్లతో బరువైనవి, ట్రాక్టరు కావాలి, నిజమే, ఒప్పుకుంటాను. ఊళ్లో ఉన్న ట్రాక్టరు దగ్గరికి వెళ్లి అడిగితే, “మాది లాగినాక చూస్తాంలే అత్తా, నువ్వు ఇంటికి పో” అన్నారు. ఒకరిది అయ్యాక ఇంకొకరిది, ఆ తర్వాత డీజిలు అయిపోయిందన్నారు. ఇంతలో పులిహోర పొట్లాలతో ఒక నాయకుడు వచ్చాడు. ఆయన వెంట వచ్చిన మంది అంతా ఎగబడి మా మరదలి పడవ మోకు పట్టుకుంటే, పోనీలే, ఎలాగైతేనేం పైకి చేరుతుంది కదా అని నేను దండం కూడా పెట్టాను. నాలుగు అడుగులు లాగారో లేదో, “మొహాలు పడలేదన్నా, ఇంకోసారి” అన్నాడు ఆ విలేకరి. లాగినంతా మళ్లీ కిందికి జారనిచ్చి, నాయకుణ్ణి ముందు నిలబెట్టి, నవ్వుతూ లాగి, ఫోటో అయిపోగానే మోకు అక్కడే పడేసి కార్లెక్కారు. నా కళ్లతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను, లేకపోతే మనుషులు ఇంత రోతగా ఉంటారని ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

వాన జోరందుకుంది. నేనూ మరదలూ ఆ మోకును ఒక గుంజకు కట్టి వచ్చాం, అంతకంటే మా ఇద్దరి వల్ల ఏమవుతుంది? పోలీసులు మమ్మల్ని తుఫాను షెల్టరుకు తరలించారు. తుఫాను మా మీద పెద్దగా విరుచుకుపడలేదు, పైనున్న పడవలన్నీ భద్రంగా ఉన్నాయి, పోయింది అదొక్కటే.

అది పోయిన సంగతి మాకు షెల్టరులో ఒక వీడియోలో తెలిసింది. తీసింది పరాయివాడేం కాదు, మాకు వరసకు కొడుకయ్యేవాడు. పడవ ఊగడం, గుంజ పెకలడం, అంతా శుభ్రంగా పడింది, వెనక నుంచి వాడి గొంతు కూడా వినబడుతోంది, “పోతా ఉండాది చూడండన్నా, పోతా ఉండాది” అని. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. మా మరదలు ఏడవలేదు. ఆ ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టించుకుని, పడవను కాదు, ఇసుక మీద మెల్లగా నీళ్లలోకి జారిపోతున్న మోకు కొసను వేలితో చూపించింది. “వాడి కాళ్ల కాడనే ఉండాదే వదినా” అంది.

మా కాలంలోనూ సముద్రం పడవలను తీసుకుపోయింది, ఎంత లాగినా ఆగనివి పోయాయి. అలాంటి రోజున మోకు ఒరుసుకుని తోలు లేచిన అరచేతులతో మగవాళ్లు మా అరుగు మీద వరసగా కూర్చునేవాళ్లు, అమ్మ ఒక్కొక్కరి చేతికీ ఆముదం రాసేది. మొన్న మా ఊళ్లో ఎవరి అరచేతిలోనూ ఒక్క గీత పడలేదు.