నలభై మూడున్నర దగ్గర ఆగిన పేజీ

మా అక్క వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక అంకె ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి అన్ని అడుగులకు వస్తే ఆ ఇంటి మెట్టు తడుస్తుందని లెక్క. ఫలానా వాళ్ళ కొట్టం యాభై రెండు, ఫలానా వాళ్ళ అరుగు యాభై నాలుగు అని మాట్లాడుకుంటారు. ఊళ్ళోంచి తారు రోడ్డెక్కాలంటే వాగు మీద చప్టా దాటాలి. చప్టా అంకె నలభై ఆరు. నది అక్కడికి వచ్చిందంటే నీళ్ళు వాగులోకి వెనక్కి తన్ని చప్టాను ముంచేస్తాయి. ఇళ్ళకు ఏమీ కాదు. పొయ్యి వెలుగుతుంది, కోళ్ళు తిరుగుతుంటాయి. ఊరు మాత్రం నది దిగేదాకా దీవిలా ఉండిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అదేం పెద్ద కష్టం కాదు. బావకు అప్పటికే రెండు కిడ్నీలూ పోయాయి. బొగ్గు బావిలో పనిచేసి రిటైరై సొంతూరు చేరిన మనిషి. రోజు విడిచి రోజు భద్రాచలం దవాఖానాలో డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పితే ఒళ్ళు ఉబ్బుతుంది, రెండోసారి తప్పితే ఊపిరాడదు. కాబట్టి వానాకాలం మొదలైతే అక్క దిగులంతా ఒకటే. చప్టా మునగకముందే బావను ఇవతలికి తేవాలి.

మరీ ముందుగా తెస్తే బావ ఊరుకోడు. అంతకు ముందటేడు అలాగే హడావిడిగా తీసుకొచ్చి, వరద శిబిరం పెట్టిన బడి వరండాలో పడుకోబెట్టారు. దోమలు కుట్టాయి, బాత్రూముకు క్యూలో నిలబడాల్సి వచ్చింది. తీరా చూస్తే నది చప్టా అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది. అప్పటినుంచి అంకె చూడనిదే మంచం దిగనని ఆయన పంతం. అంకె ఎక్కడ చూడాలన్నదీ ఇంట్లో తేలిపోయిన సంగతే. వాట్సాప్‌లో వచ్చేది నమ్మరు. పైన ఎక్కడో ఆనకట్ట తెగిందని ఒకసారి అందులో పుకారు వస్తే ఊరంతా పిల్లల్నెత్తుకుని గుట్టెక్కింది. అందుకని నేను ఉద్యోగం చేసిన పేపరు వెబ్‌సైటే చూస్తారు. తమ్ముడి పేపరు అబద్ధం చెప్పదని అక్క నమ్మకం.

ఆ రోజు పొద్దున ఫోన్ చేసి నలభై మూడున్నర అంది. మొదటి హెచ్చరిక దాటి అర అడుగు. పక్కింటి ట్రాక్టరాయనకు చెప్పి పెట్టానని, బావ బట్టలు సంచిలో సర్దానని, డయాలసిస్ రేపు పొద్దున ఉందని అంది. నలభై ఐదు కాగానే వాళ్ళు బయల్దేరాలని అనుకున్నాం.

మధ్యాహ్నం అన్నాల వేళకు మళ్ళీ ఫోన్ చేసింది. గొంతులో నిమ్మళం వినిపించింది.

"నీళ్ళు నిలబడ్డయి తమ్మీ. పొద్దటి సంది నలభై మూడున్నరనే ఉన్నది. మీ బావ తిని పండుకున్నడు."

నాకది మింగుడు పడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఖమ్మం డెస్కులో కూర్చుని ఆ నది వార్తలు దిద్దినవాణ్ణి. పైన ఇంద్రావతి పొంగుతోందని పొద్దున టీవీలో చూశాను. అక్కడ పొంగితే భద్రాచలం దగ్గర నది పెరిగి తీరాలి. పూటంతా ఒకే అంకె మీద నిలబడడం నేనెరగను. వరద కంట్రోల్ రూముకు చేస్తే ఎంగేజ్. కరకట్ట మీద ఉండే విలేకరి ఫోను కలవలేదు. ఇక లాప్‌టాప్ తెరిచాను.

నా లాప్‌టాప్ పాతదే. కానీ ఉత్తరాలు రాసుకోవడానికీ, వార్తలు చదువుకోవడానికీ ఎప్పుడూ మొరాయించలేదు. మా పేపరు పేజీ తెరిచిన నిమిషానికే లోపలి ఫ్యాను మిక్సీలా అరవడం మొదలుపెట్టింది. 'గోదావరి ఉగ్రరూపం, లైవ్' అని శీర్షిక. దాని కింద రమ్మీ ఆడమని పేకముక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. కుడిపక్కన మోకాళ్ళ నొప్పులకు తైలం. దానంతటదే మొదలైన వీడియోలో ఒకాయన బైపాస్ రోడ్డు పక్కన ప్లాట్లు చూపిస్తున్నాడు. మౌస్ బాణం కాసేపు ఉన్నచోటే గడ్డకట్టింది. అంకె మాత్రం కనబడుతోంది, అదే నలభై మూడున్నర. దాని కింద ఎన్ని గంటల అంకెనో రాసి ఉండాలి. సరిగ్గా అక్కడే తెర అడుగున అతుక్కున్న ప్రకటన పట్టీ అడ్డంగా ఉంది. తీసేద్దామని మూలనున్న గుర్తు నొక్కితే మరో ప్రకటన తెరుచుకుంది, కిందికి జరిపి వార్త చదువుదామంటే పేజీ కదలలేదు.

వేళ లేని నీటిమట్టం రాస్తే మా రోజుల్లో చీఫ్ సబ్ ఎడిటర్ కాగితం మొహాన కొట్టేవాడు. ప్రకటనలు అప్పుడూ ఉన్నాయి, మా జీతాలు వాటినుంచే వచ్చేవి, కాదనను. కానీ ప్రకటనకు ఒక గడి ఉండేది. ఆ గడిలోంచి లేచి వచ్చి వార్త నోరు మూసేది కాదు.

కోపం పక్కనపెట్టి జబ్బు ఎక్కడుందో వెతికాను. తక్కిన పేజీలన్నీ మూసేశాను. ఖాళీ అయిన జాగాను కూడా ఈ పేజీయే మింగింది. బ్రౌజర్‌కు నేను తగిలించుకున్న అదనపు సరంజామా ఏమైనా అడ్డుపడుతోందా అని అవేవీ పనిచేయని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచాను. అదే అరుపు. పాత ఫైళ్ళు తుడిచాను, ఫలితం లేదు. చివరికి బ్రౌజర్ లోపలే ఉండే టాస్క్ మేనేజర్ తెరిచాను. ఏ పేజీ ఎంత మెమరీ తింటోందో అందులో కనబడుతుంది. నేను ఏమీ ముట్టుకోకపోయినా మా పేపరు పేజీ పక్కన అంకె పెరుగుతూనే ఉంది. దాని కింద పిల్లల్లా వేలాడుతున్నవి నేనెన్నడూ వినని పేర్లు, ఒక్కొక్కటి ఒక్కో ప్రకటన దుకాణం. ప్రతి ప్రకటనా కొంచెంసేపటికి తప్పుకుని ఇంకోదానికి చోటిస్తోంది, పోయింది మాత్రం తాను తిన్న మెమరీని వదిలి పోవడం లేదు.

అప్పుడర్థమైంది. గోదావరి అంకెను ఎప్పటికప్పుడు మార్చాల్సిన చిన్న ప్రోగ్రాం కూడా ఆ పేజీలోనే నడవాలి. ఈ గుంపు మధ్య దానికి ఊపిరాడలేదు, పొద్దున పేజీలో పెట్టిన అంకే అలా ఉండిపోయింది. పేకముక్కలు తిరుగుతున్నాయి, అంకె చచ్చిపోయింది. ఆగింది నది కాదు, పేజీ.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ ఒక్క సైటుకు జావాస్క్రిప్ట్ ఆపేశాను. పేజీ వెనకనుండి ప్రకటనలు తెచ్చేదీ, వీడియోలు ఆడించేదీ అదే. మళ్ళీ తెరిచాను. ఫ్యాను సద్దుమణిగింది. తెల్లని పేజీ మీద శీర్షిక, ఒక ఫొటో, నాలుగు పేరాలు, అంతే. అచ్చు పేపరులా ఉంది. మొదటి వాక్యంలోనే ఉంది: మధ్యాహ్నం ఒంటి గంటకు నలభై ఐదున్నర, ఇంకా పెరుగుతోంది.

వెంటనే అక్కకు చేశాను. అంకె చెప్పాను. తర్వాత బావను లేపడం, ఆయన గొణగడం వినిపించాయి. ఫోను స్పీకర్‌లో పెట్టింది.

"పేపర్ల నలభై మూడున్నరనే ఉన్నది కదనే," అన్నాడు బావ. "నీ తమ్ముడు ఖమ్మంల కూసొని చెప్తుండు. ఆయన ఎప్పుడైనా హెడ్డింగు పెద్దగనే పెడ్తడు."

"బావా, అది పొద్దటి అంకె. పేజీ ఆగిపోయింది."

"ఆగిపోతే గా పేకలెట్ల తిరుగుతున్నయి?"

దానికి నా దగ్గర జవాబుంది, కానీ ఆయనకు చెప్పి ఒప్పించే వ్యవధి లేదు. ఆయన ఫోను తెర మీద చూస్తేనే లేస్తాడు. అక్క అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. ఫోను కాలిపోతోందని చెప్పింది. ముందు ఆ పేజీని పూర్తిగా మూసేయమన్నాను. మూయబోతే ఫోను కదలదు. మీట గట్టిగా నొక్కి ఆపేసి మళ్ళీ వెలిగించమన్నాను. అది వెలిగేదాకా నాకు వంటింట్లోకీ హాల్లోకీ తిరగడమే పనైంది. మళ్ళీ ఫోన్ చేసింది. పైన మూడు చుక్కలు నొక్కు, సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో జావాస్క్రిప్ట్. ఒక్కో మాటా పలికి, కనిపించిందా అని అడిగి, అవ్ అన్నాక తర్వాతిది. చివరి మీట పక్కకు జరిపి పేజీ తెరిచింది.

ఆమె పైకి చదవడం విన్నాను. నలభై ఐదున్నర. ఇంకా పెరుగుతోంది.

బావ లేచాడు కాబోలు, మంచం కిర్రుమంది.

తర్వాతి సంగతి మర్నాడు అక్క చెబితే తెలిసింది. ట్రాలీలో కుర్చీ వేసి, బావను కూర్చోబెట్టి, ఆయన నడుముకూ ట్రాలీ కడ్డీకీ చీర చుట్టి కట్టింది. చప్టా దగ్గరకు చేరేసరికే దాని మీదుగా నీళ్ళు పారుతున్నాయి. ట్రాక్టరాయన దిగి, అంచున పాతిన రాళ్ళ తలలు చూసుకుని, కాసేపు తల గోక్కుని, ఎక్కి పోనిచ్చాడు.

"బండి నడిమిట్ల ఆగింది తమ్మీ," అంది అక్క. దవాఖానా మంచం మీద బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

బండి మళ్ళీ స్టార్టయింది కాబట్టి వాళ్ళు బతికారు. కానీ ట్రాక్టరాయన తిరిగి వెళ్ళలేకపోయాడు. ఆయన భార్యా, పసిపిల్ల అవతల, ఆయన ఇవతల. కిరాయి కూడా వద్దన్నాడట. దవాఖానా గేటు బయట ట్రాక్టరు నీడన కూర్చుని ఉంటే చూశాను. నది పెరిగినప్పుడే అంకె తెలిసి ఉంటే తీరిగ్గా దించి చప్టా మునగకముందే ఇల్లు చేరేవాడు.

నేను మర్నాడు ఖమ్మం నుంచి మొదటి బస్సుకు వచ్చాను. బావకు డయాలసిస్ నడుస్తోంది. వరండాలో నిలబడి మా పాత డెస్కులో ఇప్పుడు వెబ్‌సైటు చూసే అబ్బాయికి ఫోన్ చేశాను. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు, మర్యాదస్తుడు. జరిగిందంతా చెప్పాను. బాధపడ్డాడు. ప్రకటనల సంగతి హైదరాబాదులో వేరే వాళ్ళు చూస్తారని, తన చేతిలో లేదని చెప్పాడు. నేను ఊరుకోకపోయేసరికి ఇంకో మాట కూడా అన్నాడు.

"నిన్న మన పేజీ ఎన్నడూ లేనంత మంది చూసిండ్రు సార్. వచ్చినోళ్ళు మస్తుసేపు ఉన్నరు."

"ఉన్నది చదువుతూ కాదయ్యా, ఇరుక్కుని. మా అక్క పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉంది. ఆమెను కూడా లెక్కేసుకున్నారా?"

వేసుకున్నారని ఇద్దరికీ తెలుసు. మునిగిపోయే ఊరు ఎంతసేపు తెర ముందు కూర్చుంటే అంత లాభమని ఎక్కడో ఒక గదిలో ఎవరో లెక్క కట్టారు. ఆ గదిలోవాళ్ళకు చప్టా అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ వాళ్ళకు రాదు. నా నోటివెంట ఆ వరండాలో అనకూడని మాటలే వచ్చాయి. పక్క బెంచీ మీది ముసలామె కొంగు సర్దుకుని లేచిపోయింది.

అక్క వచ్చి చెయ్యి చాచింది. ఫోను ఇచ్చాను. తిడుతుందనుకున్నాను.

"ఏం లేదు బిడ్డా," అంది ఫోనులో ఆ అబ్బాయితో. "గా ట్రాక్టరు పిలగాడు ఇంటికి పోవాలె. నీళ్ళు దిగుతున్నయా, ఇంకా ఎక్కుతున్నయా, గంత చెప్పు చాలు."

ఒక్క నిమిషమమ్మా, ఇప్పుడే చూసి చెప్తానన్నాడు. స్పీకర్‌లో లేకపోయినా అవతలి చప్పుడు నాకూ వినిపించింది. ఎవరో హుషారుగా ప్లాట్ల గురించి చెబుతున్నారు. అక్క ఫోను చెవికి ఆనించుకుని వార్డు తలుపు వైపే చూస్తూ నిలబడింది.

"ఏమంటున్నడు?" అని అడిగాను.

"లోడ్ అవుతున్నదంట," అని ఫోను నా చేతిలో పెట్టి, ట్రాక్టరాయనకు అన్నం పట్టుకుని గేటు వైపు వెళ్ళింది.