ఖాళీ సంచి తూకం

మా కళాశాల కంప్యూటర్ ల్యాబ్ మాస్టారు గత మంగళవారం ఉదయం గుంటూరులో కాలం చేశారు. టీ తాగి గ్లాసు కింద పెట్టేంతలో పోయారని కబురు. ‘అంతలో అంటే ఎంతలో’ అని అడగగలిగిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు లేరు.

తొంభైల చివర ఆయన ల్యాబులో ‘వేగం’, ‘నిదానం’ అనే మాటలు అనధికారికంగా నిషిద్ధం. ప్రోగ్రాంలో ఏ భాగానికి ఎంతసేపు పడుతుందో, దాని ముందొకసారి, వెనకొకసారి గడియారం చూసి అంకెలో చెప్పాలి. చిన్న పని కొలిస్తే యంత్రం సున్నా చూపించేది. మేము సంతోషించేవాళ్ళం. ఆయన సంతోషించేవారు కాదు.

“సున్నా అంటే పని జరగలేదని కాదురా, మన గడియారానికి ఆనలేదని,” అనేవారు. అదే పనిని పదివేలసార్లు చేయించి, వచ్చినదాన్ని భాగించమనేవారు.

అయితే పదివేలసార్లు తిప్పడానికే కొంత సమయం పడుతుంది. మిర్చి రైతు ఇంట పుట్టిన మాస్టారు దీనికి పుస్తకంలోని పేరు వాడలేదు. మార్కెట్ యార్డులో మిర్చి టిక్కీ, అంటే నిండు బస్తా, తూచాక గోనెసంచి బరువు తీసేసినట్టే, లోపల ఏ పనీ లేకుండా ఒట్టినే పదివేలసార్లు తిప్పి, ఆ సమయాన్ని తీసేయాలన్నారు. మేము ఈ సంగతి మరిచిపోకూడదని ఆయనే ఇంటినుంచి ఒక ఖాళీ సంచి తెచ్చి బోర్డు పక్కన మేకుకు తగిలించారు. వార్షిక తనిఖీలో అది ‘బోధనోపకరణం, ఒకటి’గా నమోదైంది.

ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నా రికార్డులో ‘సంచి బరువు’ అనే గడి చూసి కలం మూసేశారు. ఆ సంతకం లేకపోతే నాకు ఏడాది పోతుంది.

“ఏమండీ, ఇది కంప్యూటర్ రికార్డా, యార్డు చీటీయా?” అని మాస్టారిని అడిగారు.

మాస్టారు నా వైపు తిరిగి, మూడేళ్ళుగా తనకు తెలిసిన సంగతే అడిగారు.

“ఏ ఊరు నాన్నా మనది?”

“మార్టూరండి.”

“అన్నం తిన్నావా?”

“తిన్నానండి.”

“సరే, నీ భయం తూకం తీసేశాం. ఇప్పుడు సంచి తూచి చూపించు.”

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. లోపలి పని తీసేసి, ఖాళీగా పదివేలసార్లు తిప్పి చూపించాను. మొత్తం సమయంలో సగం దానిదే. ఎగ్జామినర్ గారు తెర వంక కాసేపు చూశారు. ఆ సేపును ఎవరూ కొలవలేదు.

“ఇప్పటిదాకా అందరికీ సంచితో కలిపే మార్కులు వేశానండీ,” అని తగ్గిన గొంతుతో అంటూ కలం తెరిచి సంతకం పెట్టారు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా ఉద్యోగానికి వచ్చేవాళ్ళను ఇంటర్వ్యూల్లో నేను ప్రశ్నలు అడుగుతున్నాను. మొదటి ప్రశ్న ఊరి పేరే. ఆ జవాబుకు మార్కులు లేవు.

సంతాప సభ ఆ ల్యాబులోనే జరిపాం. యంత్రాలు మారాయి, బోర్డు మారింది. రెండు నిమిషాలు మౌనం పాటించాలని ప్రిన్సిపాల్ గారు ప్రకటించగానే శిష్యులమందరం అప్రయత్నంగా చేతి గడియారాలు చూసుకున్నాం. మేకుకు సంచి అలాగే ఉంది. ఫ్యాను గాలికి కాస్త ఉబ్బి, మళ్ళీ ఒట్టిదై, గోడకు ఆనుకుంది.