పెంకుల మామయ్య తీర్పులు

ఎక్కడ ఏది పగిలినా సరే, అది ఎవరి వల్ల, ఎలా పగిలిందో తేల్చి చెబితే తప్ప మా మేనమామకు ముద్ద దిగేది కాదు. నేలలో పూడిపోయిన పాత ఊళ్లను తవ్వి తీసే శాఖలో కుండపెంకులు అతికించడం ఆయన ఉద్యోగం. నేను అక్కడే ఫొటోలు తీసేవాణ్ణి. నన్ను చూసి అందరూ ఆయనను పెంకుల మామయ్య అనడం మొదలుపెట్టారు.

తవ్వకంలో ఆయన మాటకు తిరుగులేదు. పెంకు అంచు చూసి, "ఇది పొయ్యి మీద ఉండగా పగిలింది. కూర కూడా మాడింది. వండినావిడ ధ్యాస ఇంకెక్కడో ఉంది," అనేవాడు. మూడువేల ఏళ్ల కిందటి ఇల్లాలి ధ్యాస పసిగట్టిన మనిషి, సొంత ఇంట్లో మాత్రం ఎప్పుడూ తప్పులో కాలేసేవాడు.

ఒకసారి అత్తయ్య ప్రాణంలా చూసుకునే పింగాణీ జాడీ బద్దలైంది. మామయ్య భూతద్దం తెచ్చి, నేల మీద బోర్లా పడుకుని ముక్కలన్నీ పరీక్షించాడు.

"పిల్లి," అన్నాడు.

"మనింట్లో పిల్లెక్కడిదండీ?" అంది అత్తయ్య.

"పక్కింటిది."

"పక్కింట్లో ఉన్నది కుక్క."

"అయితే ఆ అవతలింటిది. దూకిన కోణం చూస్తే తెలియడంలా?"

వెనకాల మామయ్యవాళ్ల కొత్తకోడలు చీపురు పట్టుకుని, ముఖం పాలిపోయి నిలబడి ఉంది. అద్దం పగిలితే గాలి. గడియారం పగిలితే భూకంపం. ఆ భూకంపం సంగతి మా వీధిలో ఇంకెవరికీ తెలియలేదు. "ఈయన్ని నమ్మి జీతమిచ్చేవాళ్లని అనాలి," అని అత్తయ్య తల కొట్టుకునేది.

ఆ ఏడు తవ్వకంలో చెక్కు చెదరని కుండ ఒకటి కనిపించింది. మూతి మాత్రమే పైకి తేలింది, మిగతాదంతా మట్టిలోనే ఉంది. దాన్ని పగలగొట్టినవాళ్లు సాయంత్రం బస్సుకే ఇంటికెళ్లాలని పెద్దాఫీసరు ముందే హెచ్చరించారు. మట్టి తీసే పని, దొరికినవాటి బొమ్మలు గీసే అమ్మాయికి అప్పగించారు. ఆమె కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మధ్యాహ్నం ఆమె చేతిలోని తాపీ జారింది. కుండ మూడు చెక్కలైంది.

"బాబాయిగారూ, నా పని అయిపోయింది. అమ్మకి ఏం చెప్పను?" అంది మామయ్యతో.

మామయ్య జవాబు చెప్పేలోపే పెద్దాఫీసరు వచ్చేశారు. "ఎవరి పని ఇది?"

మామయ్య ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. పాత విరుపుకు అంచుల్లో మట్టి ఇంకిపోయి ఉంటుంది, కొత్త విరుపు ఎర్రగా మెరుస్తుంది. ఆ తేడా నాకు నేర్పింది ఆయనే. ఈ అంచులు అప్పుడే కోసిన పుచ్చకాయలా ఉన్నాయి. మామయ్య తన మట్టిచేతులతో వాటిని ప్రేమగా నిమిరాడు.

"గోడ," అన్నాడు.

"ఏ గోడ?"

"అప్పట్లో గోడ కూలి మీద పడింది. అప్పుడే చీలింది. ఇన్నాళ్లూ మట్టి పట్టి ఉంచింది, మట్టి తీసేసరికి విడిపోయింది. ఈ పిల్ల తప్పేముంది?"

"ఆ గోడ ఎక్కడుందో చూపించండి."

మామయ్య నాలుగువైపులా పరికించి, తూర్పు మూలకు వేలు చూపించాడు.

"సరే, తవ్వుదాం. గోడ లేకపోతే మీరూ ఈ అమ్మాయీ కలిసి బస్సెక్కుదురుగాని," అన్నారు పెద్దాఫీసరు.

ఇంటి భూకంపాల గుట్టు నాకు అప్పుడర్థమైంది. ఆయన ఇంట్లోనూ ఏనాడూ తప్పులో కాలేయలేదు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, అంత భయమూ వేసింది. ఆయనకు ఉన్న ఉద్యోగం ఊడేలా ఉంది.

కూలీలు మోకాలి లోతు తవ్వారు. ఏమీ లేదు. "ఇంకాస్త," అన్నాడు మామయ్య. నడుం లోతుకు వెళ్లారు. "ఇంకొంచెం," అన్నాడు. ఆ అమ్మాయి అప్పటికే సంచి సర్దుకుని గట్టు మీద కూర్చుంది.

గునపం ఖంగుమంది. ఒక ఇటుక, పక్కన ఇంకొకటి, తర్వాత వరసకు వరస. పెద్దాఫీసరు బూట్లతోనే గోతిలోకి దూకేశారు. "సంచి పక్కన పెట్టమ్మా. ఈ గోడ బొమ్మ గీయి. పూర్తయ్యేదాకా ఎక్కడికీ వెళ్లకు," అన్నారు.

మామయ్య మాత్రం తెరిచిన నోరు మూయకుండా చతికిలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను.

"గోడ ఉందని ఎలా పట్టేశావు మామయ్యా?"

"నాకేం తెలుసురా."

"మరి ఆ మూలే ఎందుకు చూపించావు?"

"అక్కడ చెట్టునీడ పడుతోంది కదరా. లేని గోడ కోసం మనుషుల్ని ఎండలో తవ్విస్తామా?"