పదిహేడో నంబరు చీటీ

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంట్లో గడియారం ఉండేది కాదు. దాని అవసరం కూడా పడలేదు. పొద్దున ఆరింటికి ఒక సైరన్, మధ్యాహ్నం రెండింటికి ఇంకో సైరన్. మా వాడకట్టులో పొయ్యి ముట్టించడం, నీళ్లు పట్టడం, పిల్లల్ని బడికి తరమడం అన్నీ ఆ కూతను బట్టే జరిగేవి. రెండింటి సైరన్ మోగిన కాసేపటికి పక్కింటి అక్క ఫ్యాక్టరీ నుంచి వచ్చేది. ఆమె చేతుల నుంచి టానిక్ వాసన తియ్యగా, కొంచెం వెగటుగా వచ్చేది. ఇప్పటికీ మందుల షాపులో ఆ వాసన తగిలితే నేను ఎక్కువసేపు నిలబడలేను. ఎందుకో చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

అక్క మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. వాళ్లు పాత నాచారం ఊరివాళ్లే. వాళ్ల జొన్నచేను ఉన్నచోటే ఆ ఫ్యాక్టరీ గోడౌన్ లేచిందని చెప్పేవారు. మేము నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, వాళ్ల గోడకు ఆనుకున్న అర్రలో కిరాయికి ఉండేవాళ్లం. అక్కకు అప్పుడు ఇరవై మూడేళ్లుంటాయేమో. పదో తరగతిలో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి తప్పింది. మళ్లీ రెండుసార్లు రాసినా దాటలేదు. ఆ ఏడాది ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతుందని, పది పాసైన ఆడమనిషినే తీసుకుంటారని తెలిసింది. ఎనిమిది గంటలు నిలబడి సీసాలు సర్దే పని పోయి కుర్చీ దొరుకుతుంది. ఆ వయసుకే మోకాళ్లు పట్టుకుని లేచే అక్కకు అది చిన్న సంగతి కాదు. మార్చి పరీక్షకు మళ్లీ ఫీజు కట్టింది. నేను పదో తరగతి రాయబోయేది కూడా ఆ మార్చిలోనే.

నాకూ ఇంగ్లీషంటే గండమే. అందులోనూ వాక్యాల మార్పిడి అంటే ఒళ్లు చల్లబడేది. ఒక వాక్యం ఇచ్చి, దీన్ని ప్రశ్నగా రాయి, దీన్ని కాదనే వాక్యంగా మార్చు, ఈ రెండింటినీ కలిపి ఒకటి చెయ్యి అంటారు. మా సారు నియమాలను బోర్డు మీద వరుసగా రాసి, బట్టీ పట్టండని వెళ్లిపోయేవాడు. ఇంట్లో మా నాన్న మాటేమో ఇంకోలా ఉండేది. ఫెయిలైతే తెల్లారే పక్కింటి పిల్లతోటి ప్యాకింగుకు తోలుతనని, నవ్వకుండానే అన్నాడు. ఆ భయం నా గుండెల్లో రాయిలా కూర్చుంది.

నన్ను గట్టెక్కించింది అక్కే. ఫ్యాక్టరీలో తప్పు అచ్చయి పారేసిన లేబుళ్ల వెనక తెల్లగా ఉంటుంది కదా, వాటిని తెచ్చి దారంతో కుట్టి, పెట్టె అట్టను పైన వేసి నోటుపుస్తకం చేసుకుంది. దాంట్లో వాక్యాల మార్పిడి నియమాలన్నీ రాసుకుంది. ఉదాహరణలు మాత్రం మా పుస్తకంలోని రాజులూ సింహాలూ కావు, అన్నీ ఫ్యాక్టరీవే. ‘పెట్టె ఎత్తలేనంత బరువుగా ఉంది’ అనడానికి ‘టూ హెవీ టు లిఫ్ట్’ అని ఒక పక్క రాసి, రెండో పక్క ‘సో హెవీ దట్ వి కెనాట్ లిఫ్ట్ ఇట్’ అని రాసింది. ‘యాజ్ సూన్ యాజ్’ వాక్యంలో సైరన్ మోగగానే ఆడవాళ్లంతా గేటు దిక్కు ఉరికారు. దాన్ని ‘నో సూనర్’తో మార్చేటప్పుడు ‘డిడ్’ ముందుకొస్తుందని, నడుమ ‘దాన్’ మరవొద్దని పక్కన పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసింది.

అయితే నియమాలకంటే ముందు అక్క నాకు పెట్టె సర్దడం నేర్పింది. నిజంగానే ఒక ఖాళీ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

“గీ పెట్టెలకెల్లి గా పెట్టెలకు మార్చినమనుకో, పన్నెండు సీసాలు పన్నెండే ఉండాలె. పదకొండైతే తక్కువొచ్చినట్టు, పదమూడైతే ఎవ్వలదో ఎత్తుకొచ్చినట్టు. వాక్యం గూడ గంతే. పెట్టెనే మారాలె, లోపలి సరుకు మారొద్దు. మార్చినంక ఒక్కసారి లెక్కవెట్టు. ఎవలు జేసిన్రు, ఏం జేసిన్రు, ఎప్పుడు జేసిన్రు, అవునన్నరా కాదన్నరా.”

అప్పటిదాకా నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. వాక్యం ఆకారం మారినా అర్థం మారకూడదన్న ఒక్క సంగతి తలకెక్కాక, నియమాలన్నీ వాటంతట అవే దారికొచ్చాయి. నెల తిరిగేసరికి మా సారే నా నోట్సు చూసి కళ్లు పెద్దవి చేశాడు.

ప్యాకింగులో ఇంకో పద్ధతి కూడా ఉండేది. సీసాలు సర్ది, గడ్డి కప్పి, మూత వేసేముందు ప్యాకర్ తన నంబరున్న చీటీ లోపల వెయ్యాలి. ఎక్కడో దుకాణంలో పెట్టె తెరిచినప్పుడు సీసా తక్కువైతే, ఆ చీటీ వెనక్కి వస్తుంది. ఎవరి తప్పు అని ఇక ఎవరినీ అడగనక్కర్లేదు. అక్కది పదిహేడో నంబరు. నా చీటీ ఒక్కసారి గూడ ఎన్కకు రాలేదని ఆమె చెప్పుకునే తీరు చూడాలి, మెడలో హారం వేసినట్టు మురిసిపోయేది.

పుస్తకం ఒకటే, చదివేవాళ్లం ఇద్దరం. అందుకని ఒప్పందం చేసుకున్నాం. అక్క డ్యూటీలో ఉన్నంతసేపు నా దగ్గర, ఆమె ఇంటికొచ్చాక ఆమె దగ్గర. ఇంగ్లీషు పరీక్ష ముందురోజు మాత్రం రెండింటి నుంచి పూర్తిగా ఆమెదే. రాసింది తనే అయినా, పొద్దంతా నిలబడి వచ్చాక తలలో ఏదీ ఆగదనీ, ఆఖరి రోజు ఒక్కసారి మొత్తం తిరగేస్తే చాలనీ మొదటినుంచీ అనేది.

ఆ రోజు రెండింటి సైరన్ మోగింది. ఉన్నట్టుండి నాకు అన్నీ మరిచిపోయినట్టు అనిపించింది. నాన్న మాట గుర్తొచ్చింది. చేతిలో పుస్తకం ఉంటే తప్ప ఊపిరాడదనిపించింది. అక్క చెప్పుల చప్పుడు వినగానే పుస్తకాన్ని బియ్యం డబ్బాలో తోసి, పైన బియ్యం కప్పేశాను. తెల్లవారితే ఆమెకూ అదే పరీక్ష అన్న సంగతి నాకు తెలియక కాదు. తెలిసే దాచాను.

పుస్తకం ఏదని అడిగింది. ఉప్పల్‌లో ఉండే నా దోస్తు పట్టుకుపోయిందని, రేపు హాలు దగ్గర ఇస్తానందని చెప్పాను. అంతటితో ఊరుకుంటుందనుకున్నాను. ఆమె దోస్తు ఇల్లెక్కడని అడిగింది. చౌరస్తా దాటాక పిండిగిర్ని పక్కనని చెప్పాను. అది మాత్రం నిజమే. మా అమ్మ దగ్గర చెంబెడు నీళ్లు తీసుకుని గటగటా తాగి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, అన్నం కూడా తినకుండా ఆ ఎండలో ఉప్పల్ దిక్కు నడిచి వెళ్లింది. పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు. దిక్కుమాలిన నోరు, అబద్ధానికి లేచినంత తొందరగా నిజానికి లేవలేదు!

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. కాళ్లు పిక్కల దాకా దుమ్ము. నన్ను చూసి గడప దగ్గరే ఆగింది. ఆమెకు అంతా తెలిసిపోయిందని ఆ ముఖం చూస్తే అర్థమైంది.

“గా పిల్ల కాడ లేదంట,” అంది మెల్లగా. “ఫికర్ వెట్టుకోకు బిడ్డా. నీకు దొరికితే మంచిగ చదువుకో, సరేనా?”

తిట్టినా బాగుండేది. రెండు చెంపలూ వాయించినా బాగుండేది. అయినా పుస్తకం తీసివ్వలేదు. ఇస్తే దొంగనని ఒప్పుకున్నట్టవుతుందని వెధవ రోషం.

మాకూ వాళ్లకూ నడుమ ఉన్నది ఒంటి ఇటుక గోడ. అన్నం తిన్నాక అక్క గోడకు ఆనుకుని, గుర్తున్నంతవరకు పైకి చదువుకోవడం మొదలుపెట్టింది. ‘యాజ్ సూన్ యాజ్’ దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. గోడకు ఇవతల, డబ్బాలోంచి తీసిన పుస్తకం నా ఒళ్లో ఉంది. రెండు గీతల పైన, ఆమె చేతిరాతలోనే ఆ నియమం ఉంది. ఒక్క మాట అందిస్తే చాలు. నేను పెదవులు బిగబట్టుకుని కూర్చున్నాను.

మరునాడు పరీక్షలో మార్పిడి వాక్యాలు ఐదొచ్చాయి. నేను ఐదూ రాశాను. సాయంత్రం ఎవరూ చూడకుండా పుస్తకాన్ని వాళ్ల కిటికీలో పెట్టి వచ్చాను. ఫలితాలొచ్చిన రోజు పేపర్లో నా నంబరుంది, అక్క నంబరు లేదు. నాలుగు మార్కులతో పోయిందని తర్వాత తెలిసింది. కుర్చీ ఇంకెవరికో వెళ్లింది. అక్క మాత్రం అందరికంటే ముందు మా ఇంటికొచ్చి నా నోట్లో చక్కెర పోసి, పుస్తకం నా చేతిలో పెట్టింది. ఇంకా పెద్ద చదువులు చదువుతవు, నీకే పనికొస్తది అంది. ఆఖరి పేజీలో ఒక చీటీ దారంతో కుట్టి ఉంది. పదిహేడో నంబరు. పెట్టెకు మూత వేసేముందు వేసినట్టే, నాకిచ్చేముందు వేసిందన్నమాట.

ఆ పుస్తకమే నాకు అన్నం పెట్టింది. ఉప్పల్‌లో ఒక బడిలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. వాక్యాల మార్పిడి మేడమ్ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని పేరు. ప్రతి ఏడాదీ ఆ పేజీలకు జిరాక్సులు తీయించి పంచాను, చీటీ ఉన్న పేజీ ఒక్కటి తప్ప. పదవీ విరమణ రోజున శాలువా కప్పి, ఇంత తేలికగా చెప్పే పద్ధతి మీకెలా తట్టిందని అడిగితే, అంతా అనుభవమేనని నవ్వాను. నవ్వానంటే నవ్వాను, ఏం మొహం పెట్టుకుని నవ్వానో!

కొన్నేళ్ల కిందట ఉప్పల్ బస్టాపులో అక్క కనిపించింది. అప్పటికి వాళ్లు కాప్రాకు మారిపోయారు. చేతికర్ర పట్టుకుని ఉంది. నన్ను చూడగానే పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని ఆవిడతో “మా పిల్లనే, ఇంగ్లీషు టీచరమ్మ!” అని గొప్పగా చెప్పింది. నా చేయి పట్టుకుని వదల్లేదు. అక్కా, ఆ రోజు... అని మొదలుపెట్టాను. ఇంతలో బస్సొచ్చింది. మోకాళ్ల మీద చేతులు వేసి ఒక్కో మెట్టే ఎక్కుతుంటే వెనక నుంచి పట్టుకున్నాను. సీటు దొరికిందని కిటికీలోంచి చెయ్యూపింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు. పోయిన చలికాలంలో ఆమె పోయిందని, పది రోజులు దాటాక తెలిసింది.

ఇప్పుడు మా అపార్టుమెంటు పిల్లలు నలుగురైదుగురు సాయంత్రాలు నా దగ్గరకు చదువుకోవడానికి వస్తారు. వాళ్లకిచ్చే కాగితాల్లో ఆఖరి పేజీ కూడా కలిపి ఇస్తున్నాను. ఈ పదిహేడు ఏంటమ్మమ్మా అని అడిగితే, ఇది సర్దిన మనిషి నంబరని చెబుతాను. దారం విప్పి తీసిన అసలు చీటీ నా పర్సులో ఉంటుంది. బస్సు టికెట్టు తీసినప్పుడల్లా వేలికి తగులుతుంది.

అక్క చీటీ ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. వెనక్కి రావలసింది నాది. నేనేమో చీటీయే వెయ్యకుండా ఇన్నేళ్లు గడిపాను. ఇప్పుడు వేస్తున్నాను. ఆ మధ్యాహ్నం అక్క ఎండలో ఉప్పల్ దాకా నడిచినంతసేపూ పుస్తకం మా బియ్యం డబ్బాలోనే ఉంది. దాచింది నేను.