కళాయి గ్లాసులో ఇసబ్‌గోల్

మా ఆయనకు మలబద్ధకం. వన్‌టౌన్‌లో ఇసబ్‌గోల్ పొట్టు విడిగా కొనుక్కొచ్చి, రాత్రి ఇత్తడి గ్లాసులో పుల్లమజ్జిగ పోసి నానబెట్టి, తెల్లారగానే తాగించేదాన్ని. ఆ గ్లాసు లోపల తగరం పూత పోతే అంతకు ముందే మళ్లీ కళాయి వేయించాను. వీధిలోకి వచ్చిన కళాయివాడితో బేరమాడి సగానికి సగం దించాను. గ్లాసు అడుగున మిగిలిన జిగురు పారెయ్యడానికి చేతులు రాక, నా దగ్గర పెరుగుతున్న రెండేళ్ల మనవరాలికి చెంచాతో పెట్టేదాన్ని.

రెండు నెలలకు ఆయనకు కడుపులో మెలిపెట్టే నొప్పి పట్టుకుంది. మలబద్ధకం ఇంకా ముదిరింది. నేను పొట్టు ఇంకాస్త ఎక్కువ వేశాను.

ఆటోనగర్‌లో బ్యాటరీలు బాగుచేసే మా తమ్ముడు చూడ్డానికి వచ్చాడు.

"ఏం బావా, అక్క వంట అంత గట్టిగా ఉంటోందా?"

"మీ అక్క పెట్టేదే చారెడు. అందులో గట్టిపడ్డానికేముందిరా?"

నవ్వబోయి ఆయన కడుపు పట్టుకుని వంగిపోయారు. తమ్ముడి మొహం మారింది. "ఏదీ, నోరు తెరవండి బావా." చిగుళ్ల అంచున సన్నగా నల్లటి గీత.

"మా షాపులో సీసం కరిగించేవాడికీ ఇంతే. అక్కా, ఈయన దేంట్లో తాగుతున్నారు?"

గ్లాసు ఇచ్చాను. లోపల తువ్వాలు కొసతో రుద్దాడు. తెల్లగుడ్డ మీద పెన్సిలుతో గీసినట్టు మరక పడింది.

"ఇది ఒట్టి తగరం కాదక్కా. కళాయివాడు సీసం కలిపేశాడు. పులుపు తగిలితే తాగేదాంట్లోకి దిగుతుంది. పిల్లలకైతే మరీ ప్రమాదం, తెలివి మీద దెబ్బ కొడుతుందన్నాడు మా వాణ్ణి చూసిన డాక్టరు. పాప తాగలేదుగా?"

"లేదురా" అన్నాను.

వాడు వెళ్లాక పాపను ఒళ్లో వేసుకుని నోరు తెరిచి చూశాను. చిన్న చిన్న పళ్ల చుట్టూ వెతికాను. ఏమీ కనపడలేదు. అయినా లైటు కిందకు తీసుకెళ్లి మళ్లీ చూశాను.

మర్నాడు పెద్దాసుపత్రిలో డాక్టరు కూడా పాప తాగిందా అనే అడిగారు. ఈసారి అబద్ధం రాలేదు. "పాపకు నేనే పెట్టానండీ" అన్నాను. మా ఆయనను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పాపను పరీక్ష చేసి, "ఇప్పటికైతే ఏమీ తెలియట్లేదమ్మా. పెరిగేకొద్దీ చూసుకోవాలి" అన్నారు.

మా ఆయన కోలుకున్నారు. నేనే కోలుకోలేదు. పాప మాట తడబడినా, పిలిస్తే పలక్కపోయినా గుండె ఆగినంత పని అయ్యేది. బడిలో వేశాక ఒకరోజు పలక మీద ఏడు అంకె తిరగేసి రాసింది. నా పిల్లలైతే వీపు పగిలేది. దాన్ని మాత్రం ఏమీ అనలేక, కొంగుతో తుడిచి, "మళ్లీ రాయి తల్లీ" అన్నాను. అది రాసేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.