గ్లాసు అడుగున మన్ను

మా బొగ్గుబాయి పంపు మామ పోయాడని లక్సెట్టిపేట బస్సు దిగిన ఒక పాత కూలీ చెప్పాడు. అప్పటికే పదో రోజు. కడచూపు దక్కలేదు. ఆ మాటకొస్తే, నాలుగేళ్లుగా ఆయన ముఖం చూడలేక నేనే తప్పించుకు తిరిగాను.

ఆయన పనేమిటో మీకు చెప్పాలి. సొరంగం మొదట్లో పైన రాయి తక్కువ, మన్ను ఎక్కువ. గోడల్లోంచి ఊట నీళ్లు కారుతూనే ఉంటాయి. వాటిని పంపుతో బయటికి తోడటం ఆయన ఉద్యోగం. కానీ పంపు నడిపే ముందు రోజూ ఒక చాయ్ గ్లాసును ఊట కింద పట్టి, రాతి మీద పెట్టి, తంబాకు నలుపుకుంటూ కూర్చునేవాడు. నీళ్లు తేరాక అడుగు చూసేవాడు.

"ఉత్త నీళ్లయితే ఫికర్ లేదు సారూ. ఊట మన్ను తెచ్చిందంటే గోడ ఎనుక డొల్ల చేస్తున్నట్టు."

నేనక్కడ కూలీల పని చూసే ఓవర్‌మన్‌ను. ఆ గ్లాసును చూసి ఎన్నిసార్లు నవ్వానో.

ఒక వానాకాలం గ్లాసు అడుగున వేలి మందాన ఎర్రమన్ను పేరుకుంది.

"పని ఆపుండ్రి సారూ. కంకర సంచులు పేర్చి నీళ్లకు తొవ్వ ఇయ్యాలె, మన్నును ఆపాలె," అన్నాడు.

మర్నాడు పెద్దసారు తనిఖీ. గోడ పొడిగా కనబడాలని ఊటను సిమెంటుతో మూయించాను.

"జర ఆగుండ్రి. ఊట ఇంకో దిక్కు తన్నుకొస్తది."

"నువ్వు పంపు చూసుకో మామా," అన్నాను.

మూడో రోజు, నా సిమెంటు చెక్కుచెదరలేదు. దానికి పది అడుగుల అవతల గోడ పగిలి బురద విరుచుకుపడింది. లోపల చిక్కిన ఇద్దరినీ మామే లాక్కొచ్చాడు. ఆయన తుంటి విరిగింది. విచారణలో, మామ పంపు సరిగా నడపలేదా అని నన్ను అడిగారు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. ఆయన్ని పనిలోంచి తీసేశారు.

తర్వాత ఒక్కసారే సంతలో ఎదురుపడ్డాడు, కర్ర పట్టుకుని.

"మంచిగున్నరా సారూ? ఇప్పుడు గ్లాసు ఎవ్వలు పెడుతుండ్రు?"

ఎవరూ పెట్టడం లేదు. పనుందని చెప్పి పక్కకు తప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మొన్న ఆయన ఇంటికి వెళ్లాను. అత్త, అంటే మామ భార్య, పీట వేసింది.

"నీ మాట ఎత్తని దినం లేదు బిడ్డా. మా సారు మంచోడే, జర తొందరెక్కువ అనేటోడు."

విచారణ సంగతి చెప్పాలనే వచ్చాను. బయట వాన. పెంకుల సందులోంచి నీళ్లు కారుతున్న చోట ఆ చాయ్ గ్లాసే పెట్టి ఉంది. నిండగానే పారబోయడానికి అత్త చెయ్యి చాపింది.

"జర ఆగు అత్తా," అన్నాను.

మన్ను మెల్లగా అడుక్కి దిగేదాకా చూస్తూ కూర్చుని, అప్పుడు నోరు విప్పాను.